నలభై మూడు సంతకాలు

పద్మగిరి కాలనీలో మడత నలగని చొక్కా ఎవరి ఒంటి మీదున్నా అది సిద్ధమ్మ ఇస్త్రీపెట్టె కింద పడి లేచిందే. పార్కు గేటుకు ఎదురుగా, దామోదరంగారి ప్రహరీగోడకు ఆనించి ఉంటుంది ఆమె బండి. ఆ సోమవారం సాయంత్రం బొగ్గులు రాజేసుకుని, పెట్టెను గాలికి అటూ ఇటూ ఊపుతూ ఆమె పార్కు వైపు చూసింది. చూసి, ఊపడం ఆపేసింది. కార్పొరేషన్ ఇంజనీరు మోహన్‌కృష్ణ మైదానంలో వంగి, పది రోజుల కిందట తనే కొట్టిన కొయ్యమేకులను ఒక్కొక్కటే పీకి సంచిలో వేసుకుంటున్నాడు.

అవి లైటు స్తంభాలు పాతడానికి గుర్తు పెట్టిన మేకులు. తూర్పు పక్క షటిల్ కోర్టుకు రెండు, పడమటి పక్క మట్టినేలలో కబడ్డీకి నాలుగు. ఆ నాలుగూ కొట్టిన రోజు సిద్ధమ్మ కోడలు ప్రశాంతి అన్నం ముందర కూర్చుని, ఏ మేకు నుంచి ఏ మేకుకు ఎన్ని అడుగులో మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి మొదలుపెడితే సిద్ధమ్మే కసిరింది, ముందు ముద్ద మింగమని.

"ఏం సామీ, కొట్టిన మేకులు పీకతా ఉండావే? తావు మారిందా?" అని ఇక్కడినుంచే కేకేసింది.

మోహన్‌కృష్ణ చేతులు దులుపుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. మంచివాడే, పాపం. కానీ ముఖం అదోలా ఉంది.

"తావు కాదమ్మా, పనే పోయింది. మీ కాలనీవాళ్ళకు లైట్లు వద్దంట. నలభై మూడిళ్ళవాళ్ళు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చినారు."

సిద్ధమ్మ పకపకా నవ్వింది. "మిమ్మల్నెవరో ఆటపట్టించినారు సామీ. ఆ నలభై మూడు సంతకాలూ పెట్టించుకోనొచ్చింది నేను గదా! లైట్లు బిన్నా, తొందరగా రావల్లని పెట్టించినా."

అతను నవ్వలేదు. మోటారుసైకిల్ సంచిలోంచి ఫైలు తీసి ఆమె ముందు విప్పాడు. సిద్ధమ్మకు అక్షరాలు రావు. కానీ ప్రతి కాగితం కుడిపక్క మూలన నల్లగా బొగ్గు మరక ఉంది, బొటనవేలంత. ఇంటింటికీ మూట దించి, కాగితం తీసి ఇచ్చిన చోట పడిన మరక. అవి తను మోసిన కాగితాలే.

"చదవండి సామీ."

అతను చదివాడు. నివాస గృహములకు సమీపమున విద్యుద్దీప స్తంభములు నెలకొల్పుట వలన ప్రశాంతతకు భంగము కలుగునని ఉంది. అది సరే. ఆ కింద, పొద్దు గూకిన తరువాత స్త్రీలు బహిరంగముగా కేకలు వేయుచు తొడలు చరచుకొని ఆటలాడుట ఈ కాలనీ మర్యాదకు తగదు గనుక ఈ ప్రతిపాదన రద్దు చేయవలెనని ఉంది.

ఆమె చేతిలో పెట్టె ఎంతసేపు నిలిచిపోయిందో ఏమో, బల్ల మీద పరిచిన దుప్పటి కమురు వాసన కొట్టింది. గబుక్కున పెట్టె ఎత్తింది.

పోయిన మంగళవారం దామోదరంగారు స్వయంగా బండి దగ్గరికి వచ్చి ఇచ్చాడు ఈ కాగితాలు. వాకర్స్ సంఘం కార్యదర్శి ఆయన. "సిద్ధమ్మా, లైట్లు తొందరగా రావాలని అర్జీ రాసినా. నువ్వు ఎట్లా ఇల్లిల్లూ తిరిగి బట్టలిస్తావు గదా, సంతకాలు పెట్టించుకోని రా. నీ మాటంటే ఎవరూ కాదనరు" అన్నాడు. అదీ నిజమే, ఎవరూ కాదనలేదు. మీసాలు నెరిసిన కాలేజీ లెక్చరరు కృష్ణమూర్తి సారు కూడా గడప మీద నిలబడి, ఇస్త్రీ మూట చంకన పెట్టుకుని, చదవకుండానే గీకేశాడు. ఇస్త్రీ బట్టలతో వచ్చిన కాగితాన్ని ఎవరు మాత్రం చదువుతారు?

"ఇప్పుడేం చెయ్యల్ల సామీ?"

"గురువారం నాలుగున్నరకు వాకర్స్ షెడ్డులో మీటింగుంది. ఆ రోజు ఫైలు మూసేస్తే స్తంభాలు వేరే వార్డుకు పోతాయి. కాదు, మేం పెట్టిన సంతకం వాపసు తీసుకుంటున్నామని ఎవరికి వాళ్ళు లేచి చెప్తే రాసుకుంటా. వాళ్ళ తరపున నువ్వు చెప్తే చెల్లదు. మనుషులు రావాల."

ఆరుంపావుకు ప్రశాంతి మందులషాపు నుంచి వచ్చింది. కార్తీకం వెళ్ళిపోయిన రోజులు, అప్పటికే చీకటి. పొద్దున తొమ్మిది నుంచి నిలువుకాళ్ళ మీద నిలబడిన పిల్ల, సంచి బండి కింద పడేసి, చున్నీ నడుముకు బిగించుకుని పార్కులోకి పోబోయింది. సిద్ధమ్మ చెప్పేసింది. దాచిపెట్టి ఏం లాభం?

"నువ్వే పెట్టించినావా అత్తా?" అంది ప్రశాంతి. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాసేపు పార్కు వైపు చూసి, "ఎప్పుడూ ఆడినట్టే ఆడతాం లే" అని వెళ్ళిపోయింది.

ఎప్పుడూ ఆడినట్టే అంటే మూడు ఫోన్లు కొయ్యకు కట్టి, ఆ వెలుతురులో. పదకొండు మంది ఆడవాళ్ళు. ఒకరు ఆస్పత్రిలో ఆయా, ఇద్దరు లాడ్జీలో దుప్పట్లు మార్చేవాళ్ళు, మిగతావాళ్ళు అంగళ్ళలో పనిచేసేవాళ్ళు. అందరికీ తీరేది ఆరు దాటాకే. ఊరికి ఆ కొసనున్న స్టేడియానికి పోయి రావాలంటే రెండు బస్సులు మారాలి, ఆ సరికి వంట వేళ మించిపోతుంది. ఈ పార్కులో లైట్లు రాకపోతే ఇంకెక్కడా ఆట లేదు. పోయిన వారం చీకట్లో లోహిత అనే పిల్ల గట్టు కనపడక పడి గడ్డం పగలగొట్టుకుంది. ఆ పిల్ల మొగుడు ఇక ఆటకు పంపనన్నాడు.

సిద్ధమ్మ పెట్టె పక్కన పెట్టి చూస్తూ నిలబడింది. చీకట్లో కోడలి ముఖం కనపడదు, కూత మాత్రం వినపడుతుంది. ఒక్క ఊపిరిలో అంత పొడుగు కూత. ఆట లేని రోజు ప్రశాంతి ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. అడిగితే ఊఁ, లేకపోతే అదీ లేదు. ఆడిన రోజు అంట్లు తోముతూ కూనిరాగం తీస్తుంది, అత్తను వెక్కిరిస్తుంది, కూరలో ఉప్పు తక్కువైందని వంక పెడుతుంది. ఆ గంటసేపు దాన్ని మనిషిగా నిలబెడుతోందని సిద్ధమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ గంటను ఆమె చేత్తోనే, ఆమె నోటితోనే తుడిచిపెట్టించాడు ఆ పెద్దమనిషి.

మంగళవారం పొద్దున దామోదరంగారు నడక ముగించి, తెల్ల బూట్లతో గేటు తీస్తుండగా సిద్ధమ్మ అడ్డం నిలబడింది.

"సార్, మీరు నాకు చెప్పిందేంది? కాయితంలో ఉండేదేంది?"

ఆయన ఉలిక్కిపడలేదు సరికదా, చిరునవ్వు నవ్వాడు. "అవన్నీ నీకు అర్థం కావులే సిద్ధమ్మా. లైట్లొస్తే కూతలు, ఈలలు, బండ్లు. మర్యాదస్తులుండే తావు ఇది."

"అది మీ మాట. మీ మాట మీ పేరుతో రాసుకోని ఉంటే నేనెందుకు అడగతాను? నా నోటితో నలభై మూడు గడపల్లో అబద్ధం ఎందుకు చెప్పించినారు?"

"గొంతు తగ్గించు. నీ కోడలు ఆడాలంటే పొద్దున ఆడుకోమను, ఎవరొద్దన్నారు?"

"పొద్దున మీరు నడస్తా ఉంటారు. అడ్డమొచ్చినారని మొన్న కేకలేసింది మీరు గాదా? తొమ్మిదింటికి అది అంగట్లో ఉండల్ల. ఇంగెప్పుడు ఆడల్ల సార్, కలలోనా?"

"పెండ్లయిన పిల్లకు ఆటేంది, తొడ కొట్టేదేంది? అత్తవి, బుద్ధి చెప్పుకోవాల్సింది నువ్వు."

"అత్తను గాబట్టే అడగతా ఉండా."

ఇప్పుడు ఆయన నవ్వు పోయింది. "పద్నాలుగేండ్లుగా నా గోడ నీడన బండి పెట్టుకున్నావు. ఒక్కనాడు ఒక్క మాటన్నానా? అది గుర్తుపెట్టుకోని మాట్లాడు."

"అనలా సార్. ఆ విశ్వాసంతోనే మీరిచ్చిన కాయితం ఏందని గూడా అడక్కుండా మోసినా. తప్పు నాదే."

వరండాలో ఆయన భార్య ప్రసన్నకుమారి నిలబడి ఉంది, చేతిలో ఉతికిన బట్టల మూట. అన్నీ వింది. మెట్లు దిగి వచ్చి, మూట బండి మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. లోపల కుక్కరు కూస్తోంది.

ఆ రోజంతా సిద్ధమ్మ మూటలు విప్పి ఇస్త్రీ చేసింది. నీళ్ళు చిలకరించడం, కాలరు ముందు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు, వీపు, బొత్తాల పట్టీ. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆమె మనసు మాత్రం ఒక్కో చొక్కా దగ్గర ఆగింది. ఇది కృష్ణమూర్తి సారుది, సంతకం పెట్టినాడు. ఇది మూలింటివాళ్ళది, వాళ్ళూ పెట్టినారు. తన మాట నమ్మి పెట్టినారు.

బుధవారం బట్టలిచ్చే రోజు. మూట దించిన ప్రతి గడపలోనూ సిద్ధమ్మ ఒకే మాట చెప్పింది. "అమ్మా, పోయిన వారం మీ చేత సంతకం పెట్టించినా, లైట్లు రావల్లని. అది లైట్లు వొద్దని రాసిన కాయితం. నాకు తెలీదు. తెలీకపోయినా తప్పు తప్పే. రేపు మీటింగుకొచ్చి వాపసు తీసుకుంటామని చెప్పండి."

కొందరు నోరు తెరిచారు. కొందరు దామోదరాన్ని తిట్టారు, అదీ గొంతు తగ్గించి. కృష్ణమూర్తి సారు నెత్తి పట్టుకున్నాడు.

"ముప్పై ఏండ్లు పిల్లకాయలకు చెప్పినా సిద్ధమ్మా, చదవకుండా సంతకం పెట్టగూడదని."

"అయితే రేపొచ్చి చెప్పండి సార్. కాకపోతే ఒక కాయితం రాసియ్యండి."

ఆయన వీధి అటూ ఇటూ చూశాడు. "కాయితం వద్దులే. మళ్ళీ సంతకమంటే దామోదరానికి మాకు మొహాలు చెడతాయి. రోజూ పొద్దున కలిసి నడిచేవాళ్ళం."

అందరిదీ అదే పాట. లైట్లు కావాలి, సంతకం వద్దు. మీటింగుకు వస్తాం, లేచి చెప్పడం మాత్రం చూద్దాం. సిద్ధమ్మకు ఒళ్ళు మండింది. వద్దని పెట్టడానికి చదవను కూడా చదవని మనుషులు, కావాలని చెప్పడానికి ఇంత ఆలోచిస్తారా?

"సరే సార్, సంతకం వొద్దు. కావల్లనే మాట నిజమైతే మీ ఇంటి గుర్తు ఏసుకుంటా. నా గ్యాపకానికి."

ఇల్లు ఇల్లుకూ ఆమెకొక గుర్తు ఉంది. బట్టలు కలిసిపోకుండా కాలరు లోపల చెరగని సిరాతో వేస్తుంది. కృష్ణమూర్తి సారుకు మూడు చుక్కలు, మూలింటికి చేప, పక్కింటికి నెలవంక. పాత క్యాలెండరు కాగితం వెనక్కు తిప్పి, బొగ్గుముక్కతో మూడు చుక్కలు పెట్టింది. ఆయన అడ్డం చెప్పలేదు. గుర్తుతో ఎవరికేం భయం?

పార్కును ఆనుకుని ఉన్న మేడలో భానుశ్రీ మాత్రం తల అడ్డంగా ఊపింది. మూడు నెలల పసిబిడ్డ తల్లి. "నేను మొహమాటం లేకుండా చెప్తా సిద్ధమ్మా. నాకు నిజంగానే వద్దు. లైటు నేరుగా మా పడకగదిలోకి పడుతుంది. బిడ్డ నిద్రపోదు."

సిద్ధమ్మ కిటికీలోంచి చూసింది. నిజమే, మట్టి మైదానం ఎదురుగా ఉంది. "మీరు చెప్పేది న్యాయమే తల్లీ" అంది. ఆ ఇంటి గుర్తు వేయలేదు. అబద్ధంతో చెడిన పనిని ఇంకో అబద్ధంతో బాగుచేయదలుచుకోలేదు.

ఆఖరికి దామోదరంగారి ఇల్లు. ఆయన ఇంట్లో లేడు. మూట అందుకున్న ప్రసన్నకుమారి తలుపు వేయలేదు.

"ఊరందరినీ అడిగినావంట. నన్ను అడగవా?"

"మీ ఇంట్లో సారు మాట ఉండాది గదమ్మా."

"ఇల్లు సారు ఒక్కడిదేనా?" అంది ప్రసన్నకుమారి.

గురువారం మీటింగుకు జనం బాగానే వచ్చారు. వాకర్స్ సంఘం మీటింగంటే ఉద్దివడ, కాఫీ ఉంటాయి మరి. మగవాళ్ళు ముందు కుర్చీల్లో, ఆడవాళ్ళు వెనక బెంచీల మీద. ప్రశాంతి, ఆమె జట్టువాళ్ళు పని దగ్గర రెండు గంటల ముందు సెలవు అడుక్కుని వచ్చి షెడ్డు బయట నిలబడ్డారు. వాళ్ళకు కుర్చీలు వేయలేదు.

మోహన్‌కృష్ణ అర్జీ చదివాడు. తొడలు చరచుకొని అన్న చోట అతని గొంతు తగ్గింది. బయట నిలబడినవాళ్ళు నేల చూడలేదు, తిన్నగా లోపలికి చూశారు.

"వాపసు తీసుకునేవాళ్ళుంటే చెప్పండి" అన్నాడు.

ఎవరూ లేవలేదు. కృష్ణమూర్తి సారు కాఫీ గ్లాసులోకి చూసుకుంటున్నాడు. దామోదరంగారు లేచి, "కాలనీ ఏకగ్రీవంగా ఉంది, ఫైలు మూసేయండి" అన్నాడు.

"ఉండండి సామీ" అంటూ సిద్ధమ్మ ముందుకు వచ్చింది. చీర కొంగు బిగించి, చేతిలో క్యాలెండరు కాగితం పట్టుకుని. "ఈళ్ళందరి చేత సంతకం పెట్టించింది నేను. నాకు చెప్పిందొకటి, రాసిందొకటి. నిన్న ముప్పై ఇండ్లవాళ్ళు నాకు వేరేగా చెప్పినారు. అవి ఇందులో ఉండాయి."

దామోదరంగారు కాగితం వైపు వంగి చూసి, గట్టిగా నవ్వాడు. "ఇవి సంతకాలా? కాకిగీతలు! ఎవరివో ఎవరికి తెలుసు?"

మోహన్‌కృష్ణ కూడా మొహమాటంగా తల ఊపాడు. "ఇది చెల్లదమ్మా."

"చెల్లదని నాకూ తెలుసు సామీ. నేను చదవతాను, అంతే." ఆమె జనం వైపు తిరిగింది. "ఎవురిదేదో తెలీకపోతే కాలరు తిప్పి సూసుకోండి. ఈడ కూర్చున్న ప్రతి మగాడి మెడ మీదా నా గుర్తుండాది. మూడు సుక్కలు!"

పక్కవాడు కృష్ణమూర్తి సారు కాలరు వైపు చూశాడు. వెనకవాడు మెడ చాచి మరీ చూశాడు. సారు చేయి దానంతటదే మెడ వెనక్కు పోయింది. ఒక్క క్షణం అట్లాగే ఉండిపోయి, గ్లాసు కింద పెట్టి లేచాడు.

"నాదే. చదవకుండా పెట్టినా, సిగ్గుగా ఉండాది. వాపసు తీసుకుంటున్నా."

"చేప."

చేపవాళ్ళు భార్యాభర్తలిద్దరూ లేచారు.

"నెలవంక."

ఆ తర్వాత ఆమె పిలిచేంతవరకూ ఆగనివాళ్ళు కూడా ఉన్నారు. ఒకరి కాలరు ఒకరు తిప్పి చూసుకుంటూ, "ఇదేనా నీది, నాది గొడ్డలి అబ్బా" అని నవ్వుకుంటూ లేచారు. నిన్న వీధిలో గుసగుసలాడిన మనుషులేనా వీళ్ళు అనిపించింది సిద్ధమ్మకు. మోహన్‌కృష్ణ రాసుకుంటున్నాడు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై.

"అయిపోయినట్టే గదా?" అన్నాడు దామోదరంగారు. ఆయన ముఖం కందగడ్డలా ఉంది. "ఇంకా పదమూడుమందిమి ఉన్నాం."

"పదమూడు కాదు" అంది వెనక బెంచీ మీదనుంచి ఒక గొంతు.

ప్రసన్నకుమారి లేచి నిలబడి ఉంది. "మా ఇంటి గుర్తు నిచ్చెన. సిద్ధమ్మ ఏసుకోలేదు, నేను వద్దన్నా. నా మాట నేనే చెప్పుకుంటానన్నా."

దామోదరంగారు వెనక్కు తిరిగాడు. "నువ్వు కూర్చో. నీకేం తెలుసు?"

"పొద్దున మీరు నడిచొచ్చేసరికి టిఫిను కావాల. నేను నడిచేదెప్పుడు? సాయంత్రం పోదామంటే పార్కంతా చీకటి. ఎదురుగా ఉన్న పార్కులో ఇరవై ఏండ్లలో నేను ఎన్నిసార్లు కాలు పెట్టినానో లెక్కపెట్టి చెప్పండి." ఆమె మోహన్‌కృష్ణ వైపు తిరిగింది. "నాకు లైట్లు కావాల. రాసుకో బాబూ. ఇంటి నంబరు పదిహేడు."

దామోదరంగారి చేయి కాలరు దాకా పోయి ఆగింది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆడవాళ్ళ బెంచీల మీద గుసగుస లేచి, అట్లాగే పెరిగింది. మోహన్‌కృష్ణ రాశాడు.

"ఇంకొకటి గూడా రాయండి సామీ" అంది సిద్ధమ్మ. "భానుశ్రీ తల్లికి నిజంగానే ఇబ్బంది. లైటు వాళ్ళ గదిలోకి పడగూడదు. ఏమన్నా మూతలుంటాయా?"

"ఉంటాయమ్మా. కప్పు పెట్టి కిందికి తిప్పితే వెలుగంతా నేల మీదే పడుతుంది. ఎనిమిదిన్నరకు ఆపేస్తే సరి."

"ఎనిమిదిన్నరైతే నాకు అభ్యంతరం లేదు. నాది కూడా తీసేయండి" అంది భానుశ్రీ, భుజాన బిడ్డను సవరించుకుంటూ.

సగానికి పైగా వాపసు తీసుకున్నారు గనుక ఫైలు మూయడం లేదని, మేకులు మళ్ళీ కొడతానని మోహన్‌కృష్ణ చెప్పడంతో మీటింగు ముగిసింది. వడలు చల్లారిపోయాయి, అయినా ఒక్కటీ మిగల్లేదు. దామోదరంగారు అందరూ వినేట్టు అన్నాడు. "సిద్ధమ్మా, రేపు పొద్దున నా గోడ దగ్గర నీ బండి కనపడగూడదు."

"రేపటిదాకా ఎందుకు సార్? ఇప్పుడే తీస్తా."

అనడమైతే అంది. పద్నాలుగేళ్ళుగా కదలని బండి, చక్రాలు మట్టిలో దిగబడి ఉన్నాయి. ప్రశాంతి ఒక చేయి వేసింది. వెనకనే ఆయా, లాడ్జీవాళ్ళు, గడ్డానికి పట్టీ వేసుకున్న లోహిత కూడా. ఆ పిల్ల మొగుడికి చెప్పి వచ్చిందో చెప్పకుండా వచ్చిందో ఎవరూ అడగలేదు. పదకొండు మంది భుజాలు ఆనించి, ఒక్క కూతతో నెట్టారు. బండి కదిలింది. రోడ్డు దాటి, పార్కు గేటు పక్కన ఎండ పడే ఖాళీ చోట నిలబడింది.

సిద్ధమ్మ చేతులు దులుపుకుంది. పెట్టె మూత తెరిచి ఊదింది, బొగ్గుల్లో ఇంకా నిప్పు ఉంది. కొత్త చోట బల్ల సరిచేసుకుని, మూటలోంచి ఒక చొక్కా తీసి పరిచింది.

"అత్తా, ఈడ నీడ లేదే" అంది ప్రశాంతి, చుట్టూ చూసి.

"నీడ సంగతి నేను సూసుకుంటాలే. ఇంకా రొంత పొద్దుండాది. నువ్వు పోయి ఆడుకో."